అటక మీది టీ ఇటుక

పూజ్యులైన మామయ్యకు,

మేనల్లుడి నమస్కారాలు. మీరు తాళాలిచ్చి నాకప్పగించిన టీ గోదాము భద్రం. నేను భద్రమో కాదో మీరే చెప్పాలి. నిన్న వానలో డబ్బా తీస్తే టీపొడి లేదు. అటక మీద ఇటుకలా అచ్చుపోసిన టీ కనిపిస్తే మూల విరిచి కాచుకుని తాగేశాను. తర్వాత దానికి చుట్టిన కాగితం మీద తేదీ చూశాను. ఇరవై రెండేళ్ల నాటిది! అప్పటికి నాకు మీసం కూడా రాలేదు. ఏమన్నా అవుతుందా?

ఇట్లు,
మీ మేనల్లుడు

తా.క. ఇటుక మీద పసుపురంగు చుక్కలున్నాయి. నా మీద ఇంకా రాలేదు.

చిరంజీవి మేనల్లుడికి,

ఆశీస్సులు. కంగారు పడకు. గ్రీన్ టీ అయితే ఏడాదికే గడ్డిలా తయారవుతుంది. ఇలా అచ్చుపోసిన నల్లటిది వేరు, దాని మీద పసుపు చుక్కలు మంచి గుర్తే. గాలి ఆడేచోట, ఎండా తడీ తగలకుండా ఉంచితే ఏళ్లు గడిచేకొద్దీ వగరు చచ్చి, రంగు ముదిరి, పాత బీరువా తెరిచినట్టు కమ్మటి వాసన వేస్తుంది. పక్కన మాత్రం ఏ వాసనా ఉండకూడదు. మా పాత యజమాని ఓసారి సబ్బుపెట్టెల పక్కన యాభై బస్తాలు వేయించాడు. ఆ ఏడు మా టీ తాగినవాళ్లు స్నానం మానేశారు. అది వేరే కథ.

ఇట్లు,
మామయ్య

తా.క. నిద్ర పట్టిందా? కడుపెలా ఉంది? నాలుక ఏ రంగులో ఉంది? వెంటనే రాయి.

మామయ్యకు వణుకుతూ నమస్కారాలు.

ఉత్తరం ధైర్యంగానే చదివాను. తా.క. దగ్గరకొచ్చేసరికి అద్దం ముందుకెళ్లి నాలుక చాపాను. ప్రమాదం లేకపోతే నా నాలుక రంగు మీకెందుకు? పన్నెండేళ్లుగా 'ఇదిగో' అని పిలిచిన మా ఆవిడ, అది చదివి 'ఏమండీ, కాస్త పడుకోండి' అంటోంది. నాకు అదే ఎక్కువ భయంగా ఉంది.

ఇట్లు,
ఇంకా మీ మేనల్లుడే

తా.క. 'చిరంజీవి' అని అలవాటుగా రాశారా, తెలిసే రాశారా?

చిరంజీవికి,

తెలిసే రాశాను. ఇంకో కప్పు తాగు, ఈసారి చిక్కగా. మూడు రోజులాగి జవాబు రాయి.

మామయ్య

తా.క. మీ ఆవిడకు ఇవ్వకు.

మామయ్యా,

తాగాను. మొదటి కప్పే పని పూర్తి చేసేసి ఉంటే, రెండోది కొత్తగా చేసేదేముంది అనుకున్నాను. వగరు లేదు, గొంతులోకి తియ్యగా దిగింది. దాంతో భయం రెట్టింపైంది. ప్రాణం తీసేది అంత రుచిగానే ఉంటుందేమో! మూడు రోజులైంది. తాళాలు ఎవరికివ్వాలో చెప్పండి. నాకేం కాబోతోందో దాచకండి.

మీ మేనల్లుడు

తా.క. మా ఆవిడ నా ఫోటో తుడుస్తోంది.

చిరంజీవి మేనల్లుడికి,

ఇక దాచలేనురా. పాత టీ గొప్పతనం ఇన్నేళ్లుగా ఊరందరికీ చెప్పాను. ఒక్క గుక్క తాగలేదు. మొదట ఏడాది ఆగుదామనుకున్నాను. ఆ తర్వాత దాన్ని చూస్తేనే భయం. నీళ్లు మరిగేవి, 'ఇంకో ఏడాది ముదరనీ' అని మళ్లీ అటకెక్కించేవాణ్ణి. నేను చెప్పిందంతా మా యజమాని మాటే. ఆయన తాగాడో లేదో అడిగేలోపే పోయాడు. ఎలా పోయాడో ఇప్పుడు ఆలోచించకు. నువ్వు రెండు కప్పులు తాగి ఇంత పొడుగు ఉత్తరం రాశావు కాబట్టి, ఈ ఉదయం నా దగ్గరున్న ముక్క కాచాను.

ఇట్లు,
సిగ్గుపడుతున్న మామయ్య

తా.క. ఒక గుక్క తాగాను. అమృతం! రెండో గుక్క నీ జవాబు చూశాకే. త్వరగా రాయి, చల్లారిపోతోంది.