సిగ్నలు దగ్గర కోయిల

చి.ల.సౌ. చాముండేశ్వరికి,

ధర్మారావు ఆశీస్సులతో రాయునది. ఇక్కడ అమెరికాలో, ప్లెయిన్స్‌బరోలో మన ఉమాకాంత్, కోడలు, మనవరాలు మేధ క్షేమం. నన్ను ఆ లెక్కలో కలపాలో వద్దో ఉత్తరమంతా చదివాక నువ్వే తేల్చు. అమ్మాయి నళినికి నెలలు నిండుతున్నాయని నిన్ను టోక్యోలో వదిలి ఒక్కణ్ణే వచ్చాను కదా, మాట్లాడాలంటే ఫోనే దిక్కు. ఉమాకాంత్ దాన్ని స్పీకరులో పెడతాడు. అందుకే కాగితం.

అక్కడ షింజుకు స్టేషను దగ్గర పుట్టబోయే బిడ్డకు నేను తువ్వాళ్లు కొన్న కొట్టు పేరేమిటి, ఏ రంగు లైను ఎక్కాలి, ఏ నంబరు గేటులో బయటికి రావాలి అని అడిగావు. ఆ స్టేషనుకు రెండు వందల ద్వారాలట. మన తణుకు బస్టాండుకు ఉన్నది ఒకటే, అందులోనే నువ్వు రెండుసార్లు తప్పిపోయావు. కాబట్టి శ్రద్ధగా చదువు.

రైలు తలుపులు మూసేముందు ప్రతి స్టేషనులో ఒక చిన్న పాట మోగుతుంది. మూడు పాటలయ్యాక వచ్చేచోట దిగు. మెట్లెక్కితే ఎడమవైపు వెన్న కాలిన వాసన, అది రొట్టెల కొట్టు. అక్కణ్ణుంచి నూటపది అడుగులు. ముఖానికి చల్లగాలి కొడితే అదే గేటు. బయట సిగ్నలు దగ్గర కోయిల కూస్తుంది. చెట్టుండదు, పిట్టా ఉండదు, స్తంభంలోంచి వచ్చే కూత. అది కూసినంతసేపూ రోడ్డు దాటొచ్చు. అవతల మైకులో గొంతు చించుకుని జనాన్ని పిలిచే మందుల షాపు పక్కదే మన కొట్టు.

ఇందులో ఒక్క పేరూ, రంగూ, నంబరూ లేవని ఈపాటికి పట్టేసి ఉంటావు. నాకవి కనబడలేదు, చాముండీ.

బయల్దేరేముందే రాజమండ్రి డాక్టరు చెప్పాడు, నీటికాసులని, చూపు పక్కలనుంచి మూసుకొస్తోందని. చెబితే నళిని పురిటికి వెళ్లకుండా నా చుక్కలమందు సీసా పట్టుకుని కూర్చుంటావని దాచాను. అది సగం నిజం. ఐదో తరగతితో బడి మానేసి, పకోడీ పొట్లాల కాగితాలు విప్పి చదువుకుని మనిషినైనవాణ్ణి. చూపు పోతోందనడానికి నోరు రాలేదు.

ఇక్కడ పొద్దున్నే మేధను రోడ్డు దాటించి స్కూల్ బస్సు ఎక్కించేది నేనే. ఇక్కడ ఏ స్తంభమూ కూయదు. మొన్న మంగళవారం దాని చెయ్యి పట్టుకుని రోడ్డులోకి దిగాను. పక్కనుంచి వస్తున్న కారు నా కంటికి లేదు. మేధే నన్ను వెనక్కి లాగింది. కనిపించలేదా అని అడిగింది. లేదన్నాను. నాన్నకి చెప్తావా అని నేనంటే, "ఇట్స్ ఓకే తాతా, నేను చూస్తా" అంది. టోక్యో కోయిల కథ నేను చెప్పిందే. మర్నాటినుంచి కార్లన్నీ వెళ్లేదాకా ఆగి "కూ" అంటోంది. నేను దాటుతున్నాను. సిగ్గు లేకుండా మెచ్చుకున్నాను కూడా.

ఇవాళ స్కూలుకెళ్లనని ఏడ్చింది. ఎందుకో తల్లికి చెప్పలేదు. చెప్పులేసుకుంటుంటే నా చెవిలో అంది: "నేను బస్ ఎక్కితే, వెనక్కి రావడానికి నీకు కూ ఎవరు చెప్తారు తాతా?"

ఆరేళ్ల పిల్ల, చాముండీ.

సాయంత్రం ఉమాకాంత్ ఆఫీసునుంచి రాగానే చెబుతాను. చెప్పి, కవరు మీద అడ్రసు వాడిచేతే రాయిస్తాను. నువ్వు కవరు ఎక్కడో పడేసి ఉంటావు, వెతికి చూడు. వాడి దస్తూరీ అయితే చెప్పినట్టే. మేధ రాసిన పెద్ద పెద్ద పిల్లక్షరాలుంటే మాత్రం నాకు మళ్లీ నోరు రాలేదన్నమాట. అప్పుడు నువ్వే ఫోన్ చెయ్యి. స్పీకరులో అయినా సరే.

ఇట్లు,
నీ భర్త, మేధ తాత,
ధర్మారావు