బాయిలర్ నీళ్లు ఎవరు తోడారు?

రెజైనా,
జనవరి 2023, ఆదివారం.

చిరంజీవి దేవిశ్రీకి,

పైఅంతస్తులో ఉంటున్న నీ ఇంటి ఓనరు సంతోషం అంకుల్ దీవించి రాయునది. దీవెన ఇంతవరకే, ఇక్కడినుంచి కోపం. ఎదురుగా నిలబడి తిడితే బీపీ పెరుగుతుందని డాక్టర్ భయపెట్టాడు. అందుకని కాగితం మీద తిట్టి మీ బేస్‌మెంట్ తలుపు కింద తోస్తున్నాను.

బాయిలర్ మళ్లీ ఆగిపోయింది. ఇల్లంతా ఐసు. గ్యాస్ తక్కువ తాగుతుంది, నీళ్లు ఎక్కువ పడతాయి అని ఏరికోరి పెట్టించిన కొత్త బాయిలర్ అది. ఆ నీళ్లు రేడియేటర్లలో తిరిగి ఇంటిని వెచ్చబెట్టడానికి. నువ్వూ నీ రూమ్మేట్ రిషితా తలంటుకోవడానికి కాదు. అడుగునున్న కుళాయి తిప్పి ఎవరో తోడేస్తున్నారు. బాయిలర్ గది మీ బాత్రూం పక్కనే. ఇంకెవరు?

ఇట్లు,
సంతోషం

తా.క.: పొద్దున మా గరాజు చర్చిలో ఇద్దరు స్టూడెంట్లకు బాప్తిస్మం ఇచ్చాం. తొట్టిలో నీళ్లు ఎంత వెచ్చగా ఉన్నాయంటే, మునిగినవాళ్లు పైకి రామన్నారు. పైన దేవుడి పని జరుగుతుంటే కింద మీరు చేసే పని ఇదా?

*

సోమవారం.

గౌరవనీయులైన అంకుల్‌కి,

కింద గడ్డకట్టుకుపోతున్న దేవిశ్రీ నమస్కారాలు.

ఆ కుళాయి మేం ముట్టుకోలేదు. క్లాసులు, ఆపైన కాఫీ షాపులో షిఫ్టు, తలంటుకునే తీరిక నాకెక్కడిది? రిషిత రెండు స్వెట్టర్ల మీద కోటు వేసుకుని అసైన్‌మెంట్ టైప్ చేస్తోంది. రెంట్ తీసుకున్నాక వేడి ఇవ్వాలి, నిందలు కాదు. మీకు కోపమొస్తే బీపీ మాత్ర ఉంది. మాకు చలేస్తే ఏముంది?

ఇట్లు,
దేవిశ్రీ

తా.క.: నిజం కావాలంటే ఇంకాస్త దగ్గర్లో వెతకండి. ఇంతకు మించి రాయలేను. మాటిచ్చాను.

*

మంగళవారం.

దేవిశ్రీకి (చిరంజీవి తీసేశాను),

మాటిచ్చావా? ఎవరికి? ఇప్పుడర్థమైంది. బాయిలర్ గది ముందు మగవాళ్ల రబ్బరు బూట్లు చూశాను. తడిగా ఉన్నాయి. రూము దొరకని కుర్రాడెవడినో దాచి, వాడి స్నానాలకు నా నీళ్లు తోడుతున్నారు. స్టూడెంట్లకు ఈ ఊళ్లో రూములు లేవని నాకూ తెలుసు. జాలి వేరు, మోసం వేరు.

ఆ కుళాయి తిప్పినవాళ్లు ఎవరైనా సరే, నెలాఖరుకల్లా నా ఇల్లు ఖాళీ చేయాలి. రేపు ప్లంబర్ వస్తున్నాడు. వాడే తేలుస్తాడు.

సంతోషం

తా.క.: ఇదంతా మా ఆవిడకి, అదే మీ రూపవతి ఆంటీకి, చదివి వినిపించాను. వినగానే వంటింట్లోకి వెళ్లి కుక్కరు మూత దబాలున వేసింది. మీ మీద అంత కోపం పాపం.

*

బుధవారం.

అంకుల్‌కి,

మీరు డ్యూటీలో ఉండగా ప్లంబర్ వచ్చి వెళ్లాడు. బాయిలర్ నడుస్తోంది. అడుగు కుళాయికి తోటకు నీళ్లు పట్టే పైపు తగిలించి ఉంది. దాన్ని పట్టుకుని వెళితే మెట్లెక్కి మీ గరాజులో బాప్తిస్మం తొట్టిలో తేలింది. ఆ నీళ్లు చేతులు కడుక్కోవడానికి కూడా పనికిరావన్నాడు. మునిగినవాళ్ల తెల్లబట్టలు మట్టిరంగు తిరిగింది అందుకేనట.

తిప్పింది రూపవతి ఆంటీ. మామూలు కుళాయిలో వేన్నీళ్లు తొట్టి సగానికే అయిపోతాయి. చన్నీళ్లలో ముంచితే పిల్లలకు జ్వరాలొస్తాయని ఆవిడ బాధ. మీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నారు. కాళ్లు తడవకుండా ఆంటీ వేసుకొచ్చిన ఆ బూట్లు మీవే. మీ బూట్లు మీరే గుర్తుపట్టలేదు గానీ మాకు మగపిల్లాణ్ని అంటగట్టారు. రూము పోతుందని ఏడ్చి, పెట్టె కూడా సర్దుకున్నాను. నాకు చాలా కోపంగా ఉంది అంకుల్.

తిప్పినవాళ్లు ఖాళీ చేయాలన్నారు కదా. ఆంటీ మధ్యాహ్నమే ఖాళీ చేశారు. సూట్‌కేసు, కుక్కరు, ఆవకాయ జాడీ తీసుకుని కిందికి దిగారు. బేస్‌మెంట్ మాకు లీజుకిచ్చారు కాబట్టి ఇది మీ ఇంటి లెక్కలోకి రాదట.

ఇట్లు,
దేవిశ్రీ

తా.క.: ఇక్కడ చేపల పులుసు ఉడుకుతోంది. మరి అంకుల్ సంగతేంటని అడిగాను. పైన ఫ్రిజ్‌లో బ్రెడ్ ఉందన్నారు.