పై వాటా ఎవరికిచ్చానంటే

ఏమోయ్,

ఇక్కడ నేను కులాసా. అక్కడ నువ్వూ మీ అమ్మగారూ కులాసా అనే అనుకుంటున్నాను. ఆవిడ కాలి కట్టు విప్పారా? గ్యాస్ కట్టేసి పడుకుంటున్నారా అని అడిగావు. అసలు వెలిగిస్తే కదా! పెరట్లో కుళాయి మాత్రం ఇంకా కారుతూనే ఉంది. ప్లంబరు రేపొస్తానన్నాడు, ఏ రేపో చెప్పలేదు.

ఇక పై వాటా సంగతి. "బస్సులో టిక్కెట్టు తీసుకోనివాణ్ణి వీపు చూసి పట్టేస్తారు, అద్దెకొచ్చే మనిషిని పోల్చుకోలేరా?" అని రాశావు. పోల్చుకోలేకపోయానే! టులెట్ బోర్డు పెట్టాక ఇద్దరొచ్చారు. ఒకాయన మందుల కంపెనీ సేల్స్‌మన్. రెండో ఆమె బట్టలు కుడుతుంది. భర్త లేడు, అత్తగారితో ఉంటుంది. ఇద్దరూ మర్యాదగానే మాట్లాడారు. నువ్వు చెప్పినట్టే, వాళ్ళు ఇప్పుడుంటున్న ఇళ్ళ ఓనర్ల దగ్గర వాకబు చేద్దామని బయల్దేరాను.

సేల్స్‌మన్ ఓనరు నన్ను కూచోబెట్టి టీ ఇచ్చాడు. "అలాంటి మనిషి మళ్ళీ దొరకడండీ. ఇవాళే ఇచ్చెయ్యండి. సామాను బండి కిరాయి నేను పెట్టుకుంటాను" అన్నాడు. అంత మంచివాణ్ణి సాగనంపడానికి అంత తొందరేమిటి? నాకు బుర్ర తిరిగింది.

కుట్టుపనామె ఉండే ఇంటికెళ్తే అంతా తలకిందులు. ఓనరమ్మ గుమ్మంలోనే అందుకుంది.

"ఆ మిషను మోతకి నా చెవులు చిల్లులు పడ్డాయి. గోడల నిండా మేకులే. ఇస్తే మీ ఖర్మ!"

సరే, మనకెందుకొచ్చిన గొడవ అని గుమ్మం దిగుతుంటే వెనకనించి పిలిచింది.

"బాబూ, ఇవ్వరుగా?"

గొంతు మారిపోయింది. వెనక్కి తిరిగాను. ఆవిడ కుడిచెయ్యి భుజం దాకా లేవదట. రోజూ పొద్దున్నే ఆ అత్తగారే వచ్చి తల దువ్వి, జడ వేసి వెళ్తుందట.

"వాళ్ళు పోతే నాకెవరున్నారు?" అంది.

"మరి ఎందుకు పోతున్నారమ్మా?"

"కప్పు కారుతోంది. బాగుచేయించమంటే రేపు, రేపు అంటూ వచ్చాను. మేస్త్రీల వెంట తిరిగే ఓపిక నాకెక్కడిది?"

ఇక చూడు నా అవస్థ! ఇస్తే ఈవిడ ఉసురు తగులుతుంది. ఇవ్వకపోతే ఆమె ఆ తడి గదిలోనే కుట్టుకోవాలి. బస్సులో ఒకాయనకి చిల్లర ఇవ్వడం మర్చిపోయి, ఇంకొకాయనకి రెండుసార్లు ఇచ్చాను. చివరికి కుట్టుపనామె దగ్గరికే వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాను. మిషను మీద ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఆ మాట మాతో ఒక్కసారన్నా అనలేదండీ" అంది.

నేను జేబులోంచి తాళంచెవి తీసి ఇచ్చేశాను. ఎందుకిచ్చానంటే ఏం చెప్పను? చెయ్యి ఇచ్చేసింది, అంతే. సేల్స్‌మన్‌కి ఖాళీ లేదని కబురు పెట్టాను.

ఆదివారం సామాను బండి వచ్చింది. మిషను దిగింది, పెట్టెలు దిగాయి, అత్తగారు దిగింది. ఆ వెనకే, చంకలో సంచీతో, ఓనరమ్మ దిగింది!

"కప్పు బాగయ్యేదాకా, బాబూ" అంది.

"నేనే రమ్మన్నానండీ" అంది కుట్టుపనామె, తల వంచుకుని.

నేనిచ్చింది ఇద్దరికా, ముగ్గురికా? ఓనరుని అద్దెకి దింపుకున్న ఓనరు ఇంకెక్కడైనా ఉన్నాడా?

ఇంతసేపూ నాన్చాను, ఇక చెప్పక తప్పదు. ఓనరమ్మ మెట్లెక్కలేనంది. మీ అమ్మగారిని తీసుకొచ్చి ఉంచుదామని నువ్వు రంగులు వేయించిన కింది గది ఉంది చూశావూ, అది ఆవిడకిచ్చేశాను. మీ అమ్మగారొస్తే ఎక్కడ ఉంచాలో తెలియడం లేదు. ఓనరమ్మని ఖాళీ చెయ్యమనడానికి నోరు రావడం లేదు. నేను చేసింది మంచో చెడో కూడా తేలడం లేదు. కోప్పడితే కోప్పడు, ఏం చెయ్యాలో కూడా రాయి.

ఈ పొద్దున డ్యూటీకి బయల్దేరుతూ చెప్పులు వేసుకుంటుంటే ఆ గదిలోంచి మాటలు వినిపించాయి. తల దువ్వించుకుంటూ ఓనరమ్మ అడుగుతోంది:

"ఈ ఇంటాయన మంచివాడేనంటావా?"

"ఆయన మంచివాడే" అంది అత్తగారు. "వాళ్ళావిడ ఊర్నించి రావాలి, అప్పుడు చెప్తాను."

ఇట్లు,
ఏమీ పాలుపోని
మీ ఆయన