నెమ్మదిగా చెప్తే చాలు

ప్రియమైన అక్కా,

నీకు ఫోన్ చేయడమంటే చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. అందుకే ఉత్తరం.

మా బుజ్జి స్కూలు రిపోర్టులో టీచరమ్మ ఒకే ఒక్క ఇంగ్లీషు మాట రాసింది. స్లో. డిక్షనరీ తీశాను. నడకకు వాడితే నెమ్మది, గడియారానికైతే ఆలస్యం, పిల్లకు వాడితే మందబుద్ధి అట. వచ్చే ఏడాది వేరే సెక్షన్‌లో వేస్తామంటున్నారు. అందులోకి వెళ్ళిన పిల్ల మళ్ళీ ఇటు వచ్చింది లేదు. ఇంట్లో గలగలా మాట్లాడుతుంది కదా అక్కా! నిన్నటి నుంచి ఏడుస్తూనే ఉన్నాను.

నీ చెల్లి

ప్రియమైన చెల్లీ,

ముందు మొహం కడుక్కో. మా మిల్లులో మగ్గం స్లో అంటే దాన్ని తిట్టరు, ఎక్కడ పట్టేసిందో చూస్తారు. బుజ్జి పరుగులో స్లోనా? బొమ్మలు వేయడంలోనా? జవాబు చెప్పడంలోనేనా? నువ్వు మాట్లాడుతుంటే నీ కళ్ళలోకి చూస్తుందా, నోటికేసి చూస్తుందా? వెనక నిలబడి మామూలు గొంతుతో పిలిచి చూడు. వెంటనే రాయి.

మీ అక్క

ప్రియమైన అక్కా,

పిలిచాను. బొమ్మకు జడ వేస్తూ కూర్చుంది, కదల్లేదు. ఎదురుగా వెళ్ళి గొంతు లేకుండా పెదవులు మాత్రం కదిపాను. "వస్తున్నా అమ్మా" అంది.

ఎప్పుడూ నా మొహంలోకి చూస్తూ తిరుగుతుంటే ప్రేమ అనుకుని మురిసిపోయాను. ఎల్లుండి డాక్టరు చూస్తారు. కన్నతల్లికి తట్టనిది అంత దూరాన ఉన్న నీకెలా తట్టింది? నిన్న కూడా నీ ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. అంత పొగరేమిటి నీకు?

నీ చెల్లి

ప్రియమైన చెల్లీ,

తట్టడానికేముంది, నేనూ అలాగే చూస్తాను. మగ్గాల హోరులో అందరం పెదవులు చూసే మాట్లాడుకుంటాం. ఈమధ్య గేటు దాటి ఇంటికొచ్చినా నాకు ఆ హోరు ఆగడం లేదు. ఫోనుకు పెదవులుండవు కదా. తెలిస్తే పనిలోంచి తీసేస్తారని ఎవరికీ చెప్పలేదు. నువ్వు పొగరనుకున్నా సరేననుకున్నాను. భయంగా ఉందే.

డాక్టరు ఏమన్నారో రాయి.

మీ అక్క

ప్రియమైన అక్కా,

బుజ్జికి చెవి మిషన్ పెట్టారు. కుర్చీ జరిపిన చప్పుడుకే ఉలిక్కిపడి నవ్వింది. టీచరమ్మ ఆ మాట కొట్టేసి మొదటి బెంచీలో కూర్చోబెట్టింది. శంఖం అన్నందుకు నా నోరు పడిపోనూ.

నీ సంగతి డాక్టరుకు చెప్పాను. చూస్తానన్నారు. పని పోతే మా ఇంట్లో ఉందువుగాని. పెద్దమ్మతో ఎలా మాట్లాడతావే అని అడిగితే, "ఎదురుగా కూర్చుని నెమ్మదిగా చెప్తా" అంది నీ బుజ్జి.

గురువారం ఇద్దరం వస్తున్నాం. తలుపు కొట్టం. తీసే ఉంచు.

నీ చెల్లి