చేతిలో ఏమీ లేకపోతే భయం లేదు

పెద్దలు తాతగారికి,

పిల్లల రగ్బీ కోచ్ నమస్కారాలు. మీ మనవరాలు కుందేలులా పరుగెత్తుతుంది. అవతలి జట్టువాడు బంతి చంకన పెట్టుకుని దూసుకొస్తే మాత్రం తప్పుకుని దారి ఇస్తుంది. వాణ్ణి పట్టుకుని కింద పడెయ్యాలి, అదీ ఆట. నెలాఖరు పోటీలోగా నేర్చుకోకపోతే అమ్మాయిని తీసెయ్యక తప్పదు. తీసేస్తే మనిషి తక్కువై జట్టే రద్దవుతుంది. ఇంట్లో సాధన చేయించండి. తల పక్కకు పెట్టి, రెండు చేతులతో తొడలు చుట్టి బిగించాలి. కింద పరుపు వెయ్యండి.

ఇట్లు,
కోచ్

తా.క.: ఆట చూడ్డానికి మడతమంచం తెచ్చుకోవచ్చు. మైదానం మధ్యలో వెయ్యకండి.

---

కోచ్ గారికి,

వీధిగదిలో దర్జీపని చేసుకునే తాత రాయునది. నా నడుము తప్ప అందరం క్షేమం. మీ ఉత్తరం ఇంట్లో చదివి వినిపించాను. మర్నాడు బిందెతో నీళ్లు తెస్తుంటే వెనకనుంచి నా తొడలు చుట్టేశారు. పరుపు వేరే గదిలో ఉంది. లేచి చూస్తే మనవరాలు గుమ్మంలో చప్పట్లు కొడుతోంది. "బాగా వచ్చిందా తాతయ్యా?" అంది. సాయంత్రం దాకా మూలిగాను. మోకాళ్ల నొప్పులతో వంటగది దాటని మా ఆవిడ, "పిల్లదాని ఆట, దాన్నేమీ అనకండి" అని అక్కణ్ణుంచే కేకేసింది.

ఇట్లు,
తాత

తా.క.: బిందె బాగానే ఉంది. మా ఆవిడ ముందు అడిగింది దాన్ని గురించే.

---

తాతగారికి,

శభాష్! కానీ ఎవరిని పడితే వాళ్లని పట్టకూడదు. చేతిలో బంతి ఉన్నవాణ్ణే పట్టాలి. పడగానే వదిలెయ్యాలి. మీ అమ్మాయి ఇంట్లో పులి, వీధిలో పిల్లి. నిన్న మైదానంలో, "చూసుకుని వెళ్లన్నా" అని పక్కకు జరిగింది.

మీ
కోచ్

తా.క.: నడుముకి కాపడం పెట్టుకోండి.

---

కోచ్ గారికి,

మీ షరతు భోజనాల దగ్గర చెప్పాను. మా ఇంట్లో బంతి లేదు. అందుకని చేతిలో ఏదున్నా బంతి కిందే లెక్క అని తేల్చారు. గుడ్డల మూటతో వచ్చిన ఖాతాదారు గుమ్మంలోనే బోర్లాపడ్డాడు. పాలవాడు క్యాను రోడ్డుమీదే వదిలి పరుగెత్తాడు. ఎవరు పడేశారయ్యా అంటే ఒక్కడూ నోరు విప్పడు, సిగ్గుపడి పోతాడు. ఇప్పుడు వీధివీధంతా మా ఇంటి ముందు చేతులెత్తి నడుస్తోంది. కరెంటు మీటరు చూసే అబ్బాయైతే లెక్క కూడా రాసుకోకుండా వెళ్లాడు. నేను కత్తెర జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను.

ఇట్లు,
తాత

తా.క.: కాలరు పట్టి లాగొచ్చా అని మా ఆవిడ అడగమంది. పిల్లదాని కోసమేనట.

---

తాతగారికి,

కాలరు పట్టకూడదు! భుజాల పైన ఎక్కడ పట్టినా తప్పే. ఇంట్లో ఇంతమందిని పడేసిన పిల్ల ఇక్కడ ఒక్కణ్ణీ ఆపదేం? శనివారమే పోటీ. ఇంటిల్లిపాదీ రండి, దానికి ధైర్యం వస్తుంది.

మీ
కోచ్

తా.క.: ఆ మీటరు అబ్బాయి మా బావమరిది. ఇప్పుడు వాడి ఇంట్లోకి వాడే చేతులెత్తి వస్తున్నాడు.

---

కోచ్ గారికి,

శనివారం మిమ్మల్ని వెనకనుంచి పట్టిందెవరో మీరు చూసి ఉండరని ఇది రాస్తున్నాను. మా ఆవిడ.

మనవరాలు మళ్లీ దారి ఇవ్వగానే, మోకాళ్ల నొప్పుల మనిషి నా పక్కనుంచి లేచి, "అట్లా కాదే మొద్దూ, ఇటు చూడు!" అంటూ వెళ్లింది. బంతుల సంచి మీ చేతిలో ఉంది కనక మీ షరతు ప్రకారం తప్పు ఆవిడది కాదు. ఇంట్లో మనవరాలు చూపించడమే, పడేసిందంతా ఆవిడేనట.

ఎందుకు దారి ఇస్తూ వచ్చావని పిల్లని ఇంటికొచ్చాక అడిగాను. "నువ్వు పడ్డ రోజు సాయంత్రం దాకా మూలిగావు తాతయ్యా. పడేస్తే మనుషులు పాడైపోతారనుకున్నా. కోచ్ నవ్వుకుంటూ లేచాడుగా!" అంది. మీరు లేచిన వెంటనే అవతలి జట్టు పొడుగువాణ్ణి అది పడేసిందీ, జట్టు నిలిచిందీ మీకు తెలిసిందే. ఇన్నాళ్లూ దాని ఆట చెడగొట్టింది నా మూలుగన్నమాట.

ఇట్లు,
తాత

తా.క.: పిల్లల జట్టులో వయసు పట్టింపు ఉందా అని మా ఆవిడ అడుగుతోంది. ఉందని గట్టిగా రాయండి.

ఇంకో తా.క.: ఈ ఉత్తరం జేబులో దాచుకుని, చేతులెత్తి పోస్టుకి వెళ్తున్నాను.