నాలుగు గంటల పెండ్లి, ఒక్క డిస్కు

కమలాపురం,
మే 2006

కర్నూలు వీడియో స్టూడియో రాఘవేంద్రప్రసాద్‌కు, కమలాపురం కిరాణా అంగడి అనంతయ్య ఆశీస్సులతో రాసేది. ఈడ అందరం బాగుండాము, మా అమ్మ తప్ప.

నువ్వు తీసిన మా రమ్యశ్రీ పెండ్లి వీడియో రెండు డిస్కులూ అందినాయి. బొమ్మ అద్దం మాదిరి ఉండాది. కానీ మా ప్లేయర్ ఒకసారి నోరు మూస్తే కత్తి పెట్టి తెరవాల. రెండో డిస్కు కోసం తెరవబోతే మొదటిదాని మీద గీతలు పడినాయి. కొత్త ప్లేయర్ కొందామంటే, ఇది అల్లుడు కొనిపెట్టింది. మారిస్తే ఏమనుకుంటాడో!

అమ్మ మంచం దిగలేక పెండ్లికి రాలేదు. కండ్లల్లో శుక్లాలు ముదిరినాయి. ఆపరేషన్ అంటే, "ఉన్న చూపూ పోతే? మనవరాలి పెండ్లంతా చూసినాకే వస్తా" అని మొండికేసింది. నాకు అన్నం లోపలికి పోవడంల్యా. మొత్తం ఒకే డిస్కులో పెట్టి పంపు. బొమ్మ రవ్వంత కూడా చెడకూడదు.

ఇట్లు,
అనంతయ్య

తా.క.: ఫోన్ చేయొద్దు. నీ కంప్యూటర్ మాటలు ఫోన్లో వింటే నాకు తల తిరుగుతాండాది.

కర్నూలు

అనంతయ్య గారికి నమస్కారాలు.

అవ్వ సంగతి చదివి మనసు కష్టమైంది. నాలుగు గంటలు ఒక్క డిస్కులో పట్టాలంటే కుదించాలి. బిట్ రేటు తగ్గిస్తే పడుతుంది, కానీ బొమ్మ గళ్లుగళ్లుగా అవుతుంది. లేదంటే భోజనాలు కోసేయమంటారా?

మీ,
రాఘవేంద్రప్రసాద్

కమలాపురం

ఏమప్పా రాఘవేంద్రప్రసాదూ,

రేటు తగ్గించమని నేను యాడ అడిగినా? నీ రేటు నువ్వు తీసుకో, బొమ్మ చెడగొట్టొద్దు.

భోజనాలు కోస్తావా? వియ్యంకుని తరఫు వాళ్లంతా ఆ పంక్తిలోనే ఉండారు. తెలిస్తే ఆయన మా గడప తొక్కడు. ఇంక కుదిస్తే మనుషులు పొట్టిగా అయితారా? అల్లుడు మొదలే పొట్టి.

అమ్మ నిన్న నా మొగంలోకి చూసి, "ఎవురప్పా నువ్వు?" అనింది. తొందరగా చెయ్యి నాయనా.

ఇట్లు కంగారుతో,
అనంతయ్య

తా.క.: కుదిస్తే తాను సన్నగా కనపడతానేమో అడగమంటాంది మా ఇంటామె సుచరిత.

కర్నూలు

అనంతయ్య గారికి నమస్కారాలు.

బిట్ రేటంటే ధర కాదండీ. ఒక్కో క్షణం బొమ్మకు డిస్కులో ఇచ్చే జాగా. ఎవరూ పొట్టికారు, సన్నబడరు. సుచరితమ్మ గారు క్షమించాలి.

రెండు పొరల డిస్కు ఒకటి సంపాదించాను. మామూలుదానికి దాదాపు రెట్టింపు వీడియో అందులో పడుతుంది. కంప్యూటర్ మొదట వీడియో అంతా ఒకసారి చూసుకుని, కదలకుండా ఉన్నచోట తక్కువ జాగా, కదిలేచోట ఎక్కువ జాగా ఇస్తుంది. తేడా కంటికి తెలియదు. మీ ప్లేయర్ ఈ డిస్కును తీసుకుంటుందో లేదోననే నా భయం.

మీ,
రాఘవేంద్రప్రసాద్

కమలాపురం

రాఘవేంద్రప్రసాదూ,

కదలనోళ్లకు తక్కువ జాగానా? మా వియ్యంకుడు పెండ్లంతా కుర్చీలో బిగదీసుకుని కూర్చున్నాడు. తిరిగింది వంటోళ్లు, మేళమోళ్లు. వాళ్లకు ఎక్కువ, ఆయనకు తక్కువ ఇస్తే నా బిడ్డ ఆ ఇంట్లో ఎట్ల బతకాల? ఆయనకు మాత్రం నిండుగా ఇచ్చి, డిస్కు వెంటనే పంపు.

ఇట్లు,
అనంతయ్య

తా.క.: ఆయన ఒకసారి కండువా దులిపినాడు. అది లెక్కలోకి తీసుకో.

కమలాపురం,
జూలై

చిరంజీవి రాఘవేంద్రప్రసాదుకు,

డిస్కు అందింది, మా ప్లేయర్ తీసుకునింది. నడిమధ్యలో పొర మారేచోట బొమ్మ ఆగింది. నా గుండె కూడా ఆగింది. మళ్లా రెండూ నడిచినాయి.

అమ్మ టీవీ దగ్గరికి మంచం జరిపించుకుని చూసింది. తాళి కట్టేచోట ఏడ్చింది. అయిపోయినాక, "అంతా మసక. పాపం ఆ పిల్లోనికి తీయడం రాదు" అనింది.

"బొమ్మ బాగుండాదమ్మా. నీ కండ్లే..." అన్నా.

అమ్మ కండ్లు నులుముకునింది. "అయితే పద. పాప మొగం సరిగా చూడాల" అనింది.

ఆపరేషన్ బాగా అయింది. కట్టు విప్పినాక మళ్లా పెండ్లి వేయించుకుంది. పాప మొగం కనపడంగానే టీవీ అద్దం నిమిరింది. నేను పక్కకు తిరిగి కండ్లు తుడుచుకున్నా.

భోజనాల కాడ "ఆపు!" అని అరిచింది. పందిరి ఎనకాల నేనూ, వియ్యంకుడూ. ఇద్దరికీ షుగరు. ఇద్దరి చేతుల్లో జిలేబీలు. నా మీసానికి అంటిన పాకం కూడా మెరుస్తాండాది. సుచరిత అప్పుడే వియ్యపురాలికి ఫోన్ చేసింది. ఆమె ఆదివారం చూడ్డానికి వస్తాండాది.

నాయనా, ఆ ఒక్కచోట గళ్లుగళ్లుగా చేసి ఇంకో డిస్కు పంపు.

ఇట్లు దిక్కుతోచని,
అనంతయ్య

తా.క.: పొద్దున వియ్యంకుడు ఫోన్ చేసి, "బావా, ఏదో ఒకటి చెయ్యి" అని బతిమాలినాడు. సంబంధం కలిసినప్పటి నుంచి ఆయన నన్ను బావా అని పిలిచింది ఇదే మొదలప్పా.