లావు అక్షరాలు

షాంటిలీ,
శనివారం

దివాకర్ గారికి,

నమస్కారం. కంప్యూటర్ మెనూలను తెలుగులోకి మార్చే మన కమిటీకి అధ్యక్షులు మీరు కాబట్టి మీకే రాస్తున్నాను. అక్షరాలను బోల్డ్ చేసే బటన్‌కు ‘లావు అక్షరాలు’ అని పేరు పెడదామని మూడు మీటింగుల్లో మొత్తుకున్నాను. అది మరీ వాడుక మాటలా ఉందని మీరంతా ఓటేసి ‘స్థూలీకరణ’ను గెలిపించారు.

ఆ మెనూను మా అత్తయ్యగారి లాప్‌టాప్‌లో పెట్టాను. ఆవిడ ముప్ఫై ఏళ్లు తెలుగు టీచరుగా చేసి రిటైరయ్యారు. ఇక్కడ ప్రతి ఆదివారం పిల్లలకు తెలుగు నేర్పుతున్నారు. నిన్న నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి, ప్రింట్ చేసిన ఇరవై నాలుగు పాఠాల కాగితాలు ముందేసుకుని, ఒక్కో శీర్షికనూ పెన్నుతో లావుగా దిద్దుతున్నారు.

“బటన్ నొక్కితే సరిపోయేది కదా అత్తయ్యా!” అన్నాను.

“ఏదీ, ఆ స్థూలీకరణా? అదేదో జబ్బు పేరులా ఉందమ్మాయ్. నొక్కితే ఏమవుతుందోనని భయమేసింది” అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. మనలో తెలుగు మెనూ వాడేవాళ్లు ఎవరని వెంటనే గ్రూప్‌లో అడిగాను. పదకొండు మందిలో ఒక్కరూ పలకలేదు. నిజం చెప్పాలంటే నాదీ ఇంగ్లిష్ మెనూయే. వాడేది ఆవిడొక్కరే. ఆవిడకేమో ఓటు లేదు.

అందుకే నా ఓటు ఆవిడకు ఇచ్చేస్తున్నాను. వచ్చే శనివారం కాల్‌లో నా బదులు ఆవిడే కూర్చుంటారు. మీ వాదనలన్నీ ఆవిడకే వినిపించండి. అప్పటికి చెయ్యి నొప్పి తగ్గితే నోట్స్ కూడా రాసుకుంటారు.

ఇట్లు,
ఓటు లేని సభ్యురాలు